పై అధికారి నమ్మకం, కింది ఉద్యోగి పని: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇరవై ఏళ్లకు పైగా ఫ్యాక్టరీల్లో షిఫ్టు ఇన్‌చార్జిగా పని చేశాను. ఆ తరువాత సూపర్‌వైజర్లకు శిక్షణ ఇచ్చే పనిలోకి వచ్చాను. కార్మికులు స్వభావంతోనే పని తప్పించుకుంటారన్నది పై అధికారి ఊహ అని, ఆ ఊహే వాళ్ల పనిని మారుస్తుందని తరగతిలో చెబుతుంటాను. తరగతిలో నోరు విప్పని వాళ్లు కూడా టీ విరామంలో పక్కకు పిలిచి అడిగిన ప్రశ్నలు ఇవి. ప్రశ్నలు వాళ్లు అడిగినట్టే ఉంచాను.

కార్మికులు పని తప్పించుకుంటారన్నది నేను రోజూ కళ్లారా చూస్తున్నదే. దాన్ని నా ఊహ అని ఎలా అంటారు?

మీరు చూస్తున్నది నిజమే. అయితే మీరు చూస్తున్న మనిషి మీరు చేసిన ఏర్పాట్ల మధ్య బతుకుతున్న మనిషి. ఆ ఏర్పాట్లు లేకపోతే ఆ మనిషి ఎలా ఉండేవాడో మీరు చూడలేదు.

నేను కొత్తగా చేరిన ఒక ఫ్యాక్టరీ ప్యాకింగ్ విభాగంలో మరుగుదొడ్డికి వెళ్లాలంటే టోకెన్ తీసుకోవాలి. నలభై మందికి రెండే టోకెన్లు. ఎప్పుడు చూసినా ఆ రెండూ బయటే ఉండేవి. 'చూశారా, ఎప్పుడూ ఇద్దరు తిరుగుతూనే ఉంటారు, ఒక టోకెన్ తీసేద్దాం' అని మేమంతా తీర్మానించుకున్నాం. దాన్ని తీసేయడానికి ముందు రోజు ఒక ఆపరేటరమ్మను ఊరికే అడిగాను. 'మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు కదండీ, అందుకే దొరికినప్పుడు అవసరం లేకపోయినా వెళ్లి వస్తాం' అంది. అంటే ఆ తిరుగుడును పుట్టించింది మేము పెట్టిన టోకెనే. ఆ తిరుగుడును సాక్ష్యంగా చూపించి ఇంకా బిగించబోయాం. టోకెన్లు ఎత్తేశాక ఆ తిరుగుడు దానంతట అదే పోయింది.

మన పెద్దలు అనుమానం పెనుభూతం అన్నారు. పని చోట ఆ భూతం అనుమానించినవాడి బుర్రలోనే ఆగిపోదు. రూలుగా, తాళంగా, మెమోగా మారి ఎదుటివాడి ప్రవర్తనను మారుస్తుంది. సోమరితనాన్ని కారణంగా చూడకండి, ఫలితంగా చూడండి అన్నదే యాజమాన్య పద్ధతుల మీద రాసిన డగ్లస్ మెక్‌గ్రెగర్ వాదన అంతటికీ మూలం.

మెక్‌గ్రెగర్ ఎవరు? ఎక్స్, వై సిద్ధాంతాలంటే ఏమిటి?

మెక్‌గ్రెగర్ 1906లో అమెరికాలోని డెట్రాయిట్‌లో పుట్టారు. పని వెతుక్కుంటూ వచ్చే కూలీలు తలదాచుకోవడానికి ఆయన తాత ఆ ఊళ్లో ఒక ఆశ్రయం స్థాపించారు. కుర్రవాడిగా మెక్‌గ్రెగర్ అక్కడ పని చేశారు. తరువాత హార్వర్డ్‌లో మనస్తత్వశాస్త్రం చదివి, మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆచార్యులయ్యారు. 1957లో ఒక ప్రసంగంలో చెప్పిన ఆలోచనను 1960లో 'ది హ్యూమన్ సైడ్ ఆఫ్ ఎంటర్‌ప్రైజ్' అనే పుస్తకంగా విస్తరించారు. 1964లో 58 ఏళ్లకే కన్నుమూశారు.

ప్రతి యాజమాన్య నిర్ణయం వెనుకా మనిషి స్వభావం గురించి ఏదో ఒక నమ్మకం దాగి ఉంటుందని ఆయన అన్నారు. అప్పటి సంస్థల్లో పాతుకుపోయిన నమ్మకాల కట్టకు ఎక్స్ అని పేరు పెట్టారు. సగటు మనిషికి పనంటే సహజంగానే ఇష్టం ఉండదు, వీలైతే తప్పించుకుంటాడు. అందుకని బెదిరించో దండించో, కనీసం వెంటపడో పని చేయించాలి. అతనికి బాధ్యత అక్కర్లేదు, ఎవరో ఒకరు దారి చూపితే చాలు, భద్రత ఉంటే అంతే చాలు. ఇదీ ఎక్స్.

వై దానికి భిన్నమైన కట్ట. ఒళ్లు వంచడం, బుర్ర పెట్టడం మనిషికి ఆటంత, విశ్రాంతి అంత సహజం. తనది అనుకున్న లక్ష్యం కోసం మనిషి తనను తానే అదుపులో పెట్టుకుంటాడు. తగిన పరిస్థితుల్లో బాధ్యతను ఒప్పుకోవడమే కాదు, కోరి తీసుకుంటాడు. కొత్తగా ఆలోచించే శక్తి ఎవరో కొద్దిమందికే కాక చాలామందికి ఉంది. ఇప్పటి ఉద్యోగాలు దానిలో కొంత భాగాన్నే వాడుకుంటున్నాయి.

అంటే నా దగ్గర కొందరు ఎక్స్ రకం ఉద్యోగులు, కొందరు వై రకం ఉద్యోగులు ఉన్నారన్నమాట?

కాదు. అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. ఎక్స్, వై ఉద్యోగుల రకాలు కావు. అవి మీ బుర్రలో ఉన్న నమ్మకాలు. 'వాడు ఎక్స్ రకం, వాడితో కఠినంగానే ఉండాలి' అని ఒక సూపర్‌వైజరు అంటే, ఆ వాక్యమే ఎక్స్ నమ్మకం.

పోటీ పరీక్షల్లో దీని గురించి ఏం రాయాలి?

ఎక్స్, వై రెండూ మెక్‌గ్రెగర్‌వి, 1960. జెడ్ సిద్ధాంతం ఆయనది కాదు. జపాన్ సంస్థలను పరిశీలించి 1981లో విలియం ఔచి రాసినది. ఎక్స్ అంటే కఠిన శైలి, వై అంటే మెత్తని శైలి అని మాత్రం రాయకండి. ఎక్స్ నమ్మకంతోనే తియ్యగా మాట్లాడే మేనేజర్లు బోలెడు మంది ఉంటారని మెక్‌గ్రెగర్ స్వయంగా హెచ్చరించారు.

నా మనసులో ఏదో అనుకుంటే ఎదుటివాడి పని ఎలా మారుతుంది? నేను పైకి ఏమీ అనను కదా.

అనక్కర్లేదు. యద్భావం తద్భవతి అంటాం. అందులో మంత్రమేమీ లేదు, నడిచే దారి చాలా మామూలుది. ఎవరి మీద నమ్మకం ఉందో వాళ్లకు కష్టమైన పని ఇస్తాం, తప్పు చేస్తే కూర్చోబెట్టి చెబుతాం, ప్రశ్న అడిగితే ఓపికగా వింటాం. నమ్మకం లేనివాడికి తేలిక పని ఇస్తాం, తప్పు చేస్తే 'నేను అనుకున్నదే' అని వదిలేస్తాం. ఏడాది తిరిగేసరికి మొదటివాడు పని నేర్చుకుని ఉంటాడు, రెండోవాడు అక్కడే ఉంటాడు. 'నా అంచనా తప్పలేదు' అని మనం తృప్తి పడతాం.

దీన్ని ఇజ్రాయెల్ సైన్యంలో డోవ్ ఈడెన్, ఏబ్రహం షానీ అనే పరిశోధకులు పరీక్షించి 1982లో ప్రచురించారు. శిక్షణకు వచ్చిన 105 మంది సైనికుల్లో కొందరికి నాయకత్వ సామర్థ్యం ఎక్కువని, కొందరికి మామూలుగా ఉందని, మిగిలిన వాళ్ల సంగతి తెలియదని శిక్షకులకు చెప్పారు. నిజానికి ఆ విభజన చీటీలు తీసినట్టు చేసినది. శిక్షణ ముగిసేసరికి 'సామర్థ్యం ఎక్కువ' అన్న పేరు పడినవాళ్లు పరీక్షల్లో మిగతావారిని దాటిపోయారు. సైనికులకు ఎవరూ ఏమీ చెప్పలేదు. శిక్షకుల తీరే వాళ్లకు చెప్పింది.

రెండో దారి ఇంకా సూటిది. జ్యూరిక్‌లో ఆర్మిన్ ఫాల్క్, మైఖేల్ కోస్‌ఫెల్డ్ చేసిన ప్రయోగం 2006లో వెలువడింది. 'ఉద్యోగి' పాత్రలో ఉన్నవాడి చేతిలో 120 పాయింట్లు ఉంటాయి. తన ఇష్టం వచ్చినన్ని 'యజమాని'కి ఇవ్వవచ్చు. యజమాని కావాలంటే 'కనీసం ఇన్ని ఇచ్చి తీరాలి' అని ముందే ఒక గీత గీయవచ్చు, లేదా గీయకుండా వదిలేయవచ్చు. గీత గీసినప్పుడు ఎక్కువమంది తక్కువ ఇచ్చారు. తరువాత అడిగితే, ఆ గీతలో తమ మీద అపనమ్మకం కనిపించిందన్నారు. మనం పెట్టే ప్రతి కనీస హద్దు వెనుక ఒక మాట ఉంటుంది. ఆ మాట ఎదుటివాడికి స్పష్టంగా వినిపిస్తుంది.

మనుషులు అవే, యాజమాన్యం మాత్రమే మారిన నిజమైన ఉదాహరణ ఉందా?

ఉంది. నేను ఏ తరగతినీ ఇది చెప్పకుండా ముగించను.

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్‌కు ఒక కార్ల ఫ్యాక్టరీ ఉండేది. పనివాళ్లకు, యాజమాన్యానికి మధ్య అక్కడ నిత్యం యుద్ధమే. దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరు పనికి రాని రోజులు మామూలు. చెప్పాపెట్టకుండా సమ్మెలు. పని వేళల్లోనే మద్యం. కార్ల నాణ్యత అధ్వాన్నం. 1982లో కంపెనీ దాన్ని మూసేసింది. ఆ కార్మికుల గురించి 'వీళ్లింతే' అని చెప్పడానికి అంతకంటే బలమైన సాక్ష్యం ఎక్కడా దొరకదు.

రెండేళ్ల తరువాత, 1984లో, అదే భవనంలో టొయోటా, జనరల్ మోటార్స్ కలిసి నుమ్మి అనే కొత్త సంస్థను తెరిచాయి. నడిపే బాధ్యత టొయోటాది. తీసుకున్న కార్మికుల్లో సుమారు 85 శాతం పాత ఫ్యాక్టరీ వాళ్లే. యూనియన్ కూడా పాతదే. టీం లీడర్లను వందల సంఖ్యలో జపాన్‌లోని టకఓకా ఫ్యాక్టరీకి పంపి, అక్కడి పనివాళ్ల పక్కన నిలబెట్టి పని నేర్పించారు.

ఇక్కడ ఒక తాడు గురించి చెప్పాలి. పాత ఫ్యాక్టరీలో అసెంబ్లీ లైను ఆగడం మహాపాపం. లోపం కళ్లముందు కనిపించినా బండి ముందుకు పోవలసిందే, చివర్లో ఎవరో సరిచేస్తారు. కొత్త ఫ్యాక్టరీలో ప్రతి కార్మికుడి చేతికి అందేలా ఒక తాడు వేలాడేది. ఇబ్బంది వస్తే లాగమన్నారు. లాగితే టీం లీడరు పరుగున వస్తాడు, అప్పటికీ కుదరకపోతే లైను ఆగుతుంది. లైను ఆగిన ప్రతి నిమిషానికీ ఖరీదు ఉంది. ఆ ఖరీదైన నిర్ణయాన్ని, రెండేళ్ల కిందట 'తాగి పనికి వచ్చేవాళ్లు' అనిపించుకున్న వాళ్ల చేతిలో పెట్టారు.

1986 చివరికల్లా జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీలన్నిటిలో ఉత్పాదకత ఎక్కువగా ఉన్నది అదే. గైర్హాజరు మూడు నాలుగు శాతానికి పడిపోయింది.

ఇది నచ్చినవాళ్లు ఒక సంగతి వదిలేస్తుంటారు. నుమ్మిలో పని వదులుగా ఉండేది కాదు. ప్రతి కదలికా క్షణాల లెక్కన ముందే నిర్ణయమై ఉండేది. అయితే స్టాప్‌వాచ్ పట్టుకున్నది పైనుంచి దిగిన ఇంజినీరు కాదు, టీంలోని కార్మికులే. తమ పనిని తామే కొలిచి, మెరుగైన పద్ధతి కనుక్కుని, అందరూ అదే పాటించేలా రాసుకునేవాళ్లు. 1980ల చివర్లో అమ్మకాలు తగ్గి ఫ్యాక్టరీ సగం ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఎవరినీ తీసేయలేదు. శిక్షణకు, మరమ్మతు పనులకు పంపారు. మాట నిలబెట్టుకున్న ఆ రోజుల్లోనే అసలైన నమ్మకం గట్టిపడిందని నా అభిప్రాయం.

అదే జనరల్ మోటార్స్ లాస్ ఏంజిల్స్‌లోని తన వాన్ నైస్ ఫ్యాక్టరీలో ఈ పద్ధతిని ప్రవేశపెట్టబోయింది. సామగ్రి, మాటలు, టీంలు వచ్చాయి కాని పై అధికారుల తీరు మారలేదు, కార్మికులూ నమ్మలేదు. 1992లో అది మూతపడింది. నుమ్మి 2010 వరకు నడిచింది. ఇప్పుడు ఆ భవనంలో టెస్లా కార్లు తయారవుతున్నాయి.

ఇదంతా జీతం పెంచకుండా పని లాగడానికి చెప్పే తియ్యని మాటలు కావా?

ఆ భయం న్యాయమైనది. అలా వాడిన సంస్థలు ఉన్నాయి. అందుకే స్పష్టంగా చెబుతున్నాను: న్యాయమైన జీతం, సమయానికి జీతం, ఓవర్‌టైముకు లెక్క, సురక్షితమైన చోటు. ఇవి లేకుండా నమ్మకం గురించి మాట్లాడే హక్కు ఏ యజమానికీ లేదు. మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లో చెప్పింది కూడా దీనికి దగ్గరగా ఉంటుంది. జీతం, పని పరిస్థితులు బాగా లేకపోతే అసంతృప్తి పుడుతుంది. అవి బాగైనంత మాత్రాన పని మీద ఆసక్తి పుట్టదు. ఆసక్తి పనిలోంచి, సాధించినదాంట్లోంచి, దొరికిన గుర్తింపులోంచి రావాలి.

జీతం ఒక్కటే మనిషిని కదిలిస్తుందన్న నమ్మకానికి పెద్ద ప్రతినిధి అమెరికా ఇంజినీరు ఫ్రెడరిక్ టేలర్. 1899లో అమెరికాలోని బెత్లెహేం ఉక్కు కర్మాగారంలో ఇనుప దిమ్మలు మోసే పనిలో, మనిషికి రోజుకు పన్నెండున్నర టన్నులున్న మోతను 47 టన్నులకు పైగా చేర్చానని, బదులుగా రోజు కూలి 1.15 డాలర్ల నుంచి 1.85 డాలర్లకు పెంచానని 1911లో రాశారు. ఈ పని చేసేవాడు ఎద్దులాంటి బుద్ధి గలవాడై ఉండాలనీ రాశారు. ఆ పుస్తకంలోనే మరో వివరం ఉంది. ఆ కూలీ ఒక చిన్న స్థలం కొనుక్కుని, పనికి వెళ్లే ముందూ, పని నుంచి వచ్చాకా తన ఇంటి గోడలు తానే కట్టుకుంటున్నాడు. తన డబ్బుతో స్థలం కొని, రోజంతా ఇనుము మోసిన చేతులతో ఇల్లు లేపుకుంటున్న మనిషిలో టేలర్‌కు ఎద్దే కనిపించింది. ఆ పేజీ చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

అయితే నిఘా, హాజరు యంత్రాలు ఎప్పుడూ తప్పేనా?

కాదు. ఈ విషయంలో వై అభిమానులు కొందరు కళ్లు మూసుకుంటారు. నేను మూసుకోదలచుకోలేదు.

రాజస్థాన్‌లోని ఉదయపూర్ దగ్గర పల్లెల్లో సేవామందిర్ అనే సంస్థ ఒక్కొక్క టీచరుతో నడిచే బడులు నడిపేది. ఆర్థికవేత్త ఎస్తేర్ డఫ్లో బృందం సగం బడుల్లో టీచర్లకు కెమెరాలు ఇచ్చింది. బడి మొదలయ్యేటప్పుడు, ముగిసేటప్పుడు పిల్లలతో ఫొటో తీయించాలి, దాని మీద తేదీ, సమయం పడతాయి, జీతం ఆ రోజుల లెక్కన వస్తుంది. కెమెరా లేని బడుల్లో టీచర్ల గైర్హాజరు 42 శాతం ఉంటే, ఉన్నచోట 21 శాతం. పిల్లల చదువూ మెరుగుపడింది. అదే ఉదయపూర్ జిల్లాలో ప్రభుత్వ నర్సుల హాజరు మీద పెట్టిన ఇలాంటి పద్ధతి మొదట బాగా పని చేసి, తరువాత కుప్పకూలింది. పై అధికారులు మినహాయింపు రోజులు ఇస్తూ పోయారు.

మన దగ్గరి అధ్యయనం ఇంకా ఆలోచింపజేస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన అధ్యయనం 2011లో వచ్చింది. పిల్లల మార్కులు మెరుగైతే టీచర్లకు చిన్న బోనసు ఇచ్చారు. రెండేళ్లలో ఆ బడుల పిల్లలు మిగతా బడుల పిల్లలను గణితంలో, భాషలో స్పష్టంగా దాటారు. ఆసక్తికరమైన సంగతేమిటంటే టీచర్ల హాజరు పెద్దగా మారలేదు. వచ్చిన రోజున ఏం చేస్తున్నారన్నది మారింది: అదనపు తరగతులు, ఎక్కువ ఇంటి పని, ఎక్కువ సాధన. వేలిముద్ర యంత్రం ఒంటిని గేటు దాటిస్తుంది. లోపల మనసు పెట్టించే పని దాని వల్ల కాదు.

ఇప్పుడు నేను పాటించే తేడా ఇది. అందరికీ ఒకటే కొలత, ముందే తెలిసిన కొలత, తన ఫలితాన్ని ఉద్యోగి తానే చూసుకోగల కొలత అయితే దాన్ని మనుషులు అవమానంగా తీసుకోరు. మేనేజరు ఎదురుగా తెర పెట్టుకుని, ఎవరు ఎంతసేపు కుర్చీలో లేరో చూస్తూ కూర్చోవడం వేరు.

ఇంటి నుంచి పని చేసేవాళ్లను ఎలా నమ్మాలి?

2022లో మైక్రోసాఫ్ట్ 11 దేశాల్లో 20,000 మందిని అడిగిన సర్వేలో 87 శాతం ఉద్యోగులు తాము బాగా పని చేస్తున్నామన్నారు. తమ బృందం బాగా పని చేస్తోందని పూర్తి నమ్మకం ఉందన్న నాయకులు 12 శాతం. హైదరాబాదులో పుట్టి ఆ సంస్థకు అధిపతి అయిన సత్య నాదెళ్ల ఈ అంతరాన్ని ఉత్పాదకత గురించిన అతి అనుమానంగా వర్ణించారు.

ఇద్దరూ తమ అభిప్రాయమే చెప్పారు, కొలత కాదు. కొలిచిన ఉదాహరణ చైనాలోని సీట్రిప్ అనే ప్రయాణాల సంస్థది. కాల్ సెంటర్ ఉద్యోగుల్లో ముందుకొచ్చిన వాళ్ల నుంచి చీటీ పద్ధతిన ఎంపిక చేసి తొమ్మిది నెలలు ఇంటి నుంచి పని చేయించారు. నికొలస్ బ్లూమ్ బృందం లెక్క ప్రకారం పనితీరు 13 శాతం పెరిగింది, ఉద్యోగం మానేవాళ్లు సగం తగ్గారు. ఒంటరితనం భరించలేక చాలామంది చివరికి ఆఫీసుకు వస్తామన్నారు. యాజమాన్యం భయపడింది ఒకటి, ఉద్యోగులను బాధించింది వేరొకటి.

నాది చిన్న వ్యాపారం. నమ్మితే సరుకు మాయమవుతుంది. అప్పుడు ఎవరు భరిస్తారు?

ఈ ప్రశ్న అడిగినవాళ్లను నేను తక్కువ చేయను. పోయేది వాళ్ల ఇంటి డబ్బు.

ముంబై దగ్గరి బట్టల మిల్లుల మీద నికొలస్ బ్లూమ్, సహచరులు 2013లో ప్రచురించిన పరిశోధన మీకోసమే చేసినట్టు ఉంటుంది. ఆ మిల్లులు ఎంతవరకు ఎదిగాయన్నది తేల్చినది అమ్మకాలు కావు, లాభాలు కావు. యజమాని కుటుంబంలో ఎంతమంది మగవాళ్లు ఉన్నారన్నదే. బయటి మేనేజరు దొంగిలిస్తాడన్న భయంతో ప్రతి ఫ్యాక్టరీలో అన్నో తమ్ముడో కూర్చోవలసిందే. అన్నదమ్ములు అయిపోయిన చోట వ్యాపారం ఆగింది. నిల్వల లెక్క, లోపాల నమోదు, యంత్రాల సంరక్షణ వంటి మామూలు పద్ధతులు నేర్పిస్తే మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. సమాచారం చేతికి రావడంతో యజమానులు కింది మేనేజర్లకు ఎక్కువ నిర్ణయాలు వదిలారు, కొందరు కొత్త ఫ్యాక్టరీలు తెరిచారు.

గోదాములో సరుకు ఎంత ఉందో మీకే తెలియకపోతే ఎవరి మీదైనా అనుమానమే మిగులుతుంది. కాబట్టి ముందు లెక్క సరిచేయండి, తరువాత తాళం చెవి ఇవ్వండి.

ఇవన్నీ విదేశాల మాటలు. మనవాళ్లకు గద్దింపు ఉంటేనే పని జరుగుతుంది కదా?

ఈ మాట ఎంతోమంది నోట విన్నాను. విన్న ప్రతిసారీ నాకు బాధ కలుగుతుంది. మన మనుషుల గురించి మనమే ఇంత తేలికగా అనుకోవడం నాకు మింగుడుపడదు.

1950ల మొదట్లో అహ్మదాబాదులోని కాలికో మిల్లులో ఆటోమేటిక్ మగ్గాలు వచ్చాయి. యంత్రాలు బాగున్నా ఉత్పత్తి పెరగలేదు, గుడ్డలో లోపాలు తగ్గలేదు. లండన్‌లోని టావిస్టాక్ సంస్థ నుంచి వచ్చిన ఏ.కె. రైస్, పని ముక్కలు ముక్కలైపోయి ఎవరి బాధ్యత ఎక్కడ ముగుస్తుందో తెలియకపోవడమే ఇబ్బందని గమనించారు. కొన్ని మగ్గాలకు ఒక చిన్న బృందం పూర్తిగా బాధ్యత వహించే పద్ధతిని సూచించారు. కార్మికులు ఆ ఆలోచనను అందుకుని తమ బృందాలను తామే కూర్చుకున్నారు. ఉత్పత్తి పెరిగింది, పాడైన గుడ్డ తగ్గింది.

ఇంకొకటి మన కాకినాడది. 1964లో అమెరికా మనస్తత్వవేత్త డేవిడ్ మెక్లెలండ్ బృందం కాకినాడ వ్యాపారులను హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు రప్పించి, సాధించాలన్న తపనను పెంచే పది రోజుల శిక్షణ ఇచ్చింది. సంప్రదాయ సమాజంలో మనుషులు మారరు అన్న నమ్మకం అప్పట్లో పండితుల్లోనే బలంగా ఉండేది. శిక్షణ పొందినవాళ్లు తరువాతి ఏళ్లలో పొందనివాళ్ల కంటే ఎక్కువ చురుకుగా కొత్త పెట్టుబడులు పెట్టారు, ఎక్కువమందికి పని ఇచ్చారు.

మెక్‌గ్రెగర్ చెప్పినదాంట్లో లోపాలు లేవా?

ఉన్నాయి. ఆయనే ఒకటి ఒప్పుకున్నారు. 1948 నుంచి 1954 వరకు ఆంటియక్ కళాశాల అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, నాయకుడు సలహాదారుగా ఉంటే చాలు, యజమానిగా ఉండనక్కర్లేదు అనుకున్నారు. దిగిపోయే ముందు, అది తన పొరపాటని, అధికారాన్ని, దానితో వచ్చే బాధ్యతను ఎవరూ తప్పించుకోలేరని రాశారు. వై అంటే చేతులెత్తేయడం కాదన్న సంగతి ఆయన అనుభవించి నేర్చుకున్నదే.

మనస్తత్వవేత్త ఏబ్రహం మాస్లో 1962 వేసవిలో కాలిఫోర్నియాలో ఒక ఎలక్ట్రానిక్స్ సంస్థలో ఈ ఆలోచనలు ఆచరణలో ఎలా ఉన్నాయో చూశారు. అంత స్వేచ్ఛ, అంత బాధ్యత అందరికీ మోయగలిగినంత తేలిక కాదని, కొందరికి స్థిరమైన ఆసరా కావాలని గుర్తించారు. 1970లో జాన్ మోర్స్, జే లార్ష్ రెండు ఫ్యాక్టరీలను, రెండు పరిశోధనశాలలను పోల్చి చూశారు. పని ముందే తెలిసినదై, ఒకే తీరుగా సాగేదైతే కట్టుదిట్టమైన నియమాలున్న ఫ్యాక్టరీలోనే మనుషులు ఎక్కువ సమర్థంగా ఉన్నారు. పరిశోధనశాలల్లో నియమాలు వదులుగా ఉన్నదే మెరుగు.

ఈ విమర్శలు నాకు సరైనవిగానే అనిపిస్తాయి. అయితే అవి నియమాలు ఎన్ని ఉండాలన్నదాని గురించి. ఎదుటివాడిని ఏమని అనుకుని ఆ నియమం రాశామన్న ప్రశ్న అలాగే ఉంటుంది.

నేను మేనేజరును కాదు. నా పై అధికారే నన్ను నమ్మడు. నేనేం చేయాలి?

మీ ఒక్కరి వల్ల అంతా మారదు. కొంత మాత్రం మారుతుంది. అడగకముందే పని ఎక్కడిదాకా వచ్చిందో రెండు ముక్కల్లో చెప్పండి. తెలియనితనమే అనుమానాన్ని పెంచుతుంది. 'నన్ను నమ్మండి' అని అడగకండి, 'ఈ ఒక్క ఆర్డరు వారం పాటు నాకు వదలండి, శుక్రవారం లెక్క చూపిస్తాను' అనండి. అయినా ఏళ్ల తరబడి మారకపోతే వీలు చూసుకుని చోటు మారండి. ముఖ్యంగా మీది మొదటి ఉద్యోగమైతే. తొలి అధికారి అంచనా ఒక యువ ఉద్యోగి జీవితం మీద ఎంత లోతుగా ముద్ర వేస్తుందో స్టెర్లింగ్ లివింగ్‌స్టన్ 1969లోనే హెచ్చరించారు.

నేను ఏ నమ్మకంతో పని చేయిస్తున్నానో నాకెలా తెలుస్తుంది?

మిమ్మల్ని మీరు అడిగితే తెలియదు. అందరూ వై అనే చెప్పుకుంటారు. మీ నోటీసు బోర్డు దగ్గరికి వెళ్లి చదవండి. అందులో ఎన్ని కాగితాలు 'చర్య తీసుకోబడును' అని ముగుస్తున్నాయో లెక్కపెట్టండి. సెలవు చీటీలో కారణం అడుగుతున్నారా, సాక్ష్యం అడుగుతున్నారా చూడండి. వంద రూపాయల స్క్రూల పొట్లం కొనడానికి ఎన్ని సంతకాలు కావాలో చూడండి. మీ నమ్మకాలన్నీ అక్కడ రాసి ఉంటాయి.

మార్చాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఎంతకాలం పడుతుంది?

ఒక్క రూలుతో మొదలుపెట్టండి. ఎవరో ఒకరు ఎప్పుడో చేసిన తప్పుకు అందరి మీదా రుద్దిన రూలు ఒకటి ప్రతి ఆఫీసులోనూ ఉంటుంది. దాన్ని ఎత్తేస్తూ ఎందుకు ఎత్తేస్తున్నారో అందరి ముందూ చెప్పండి. ఏ అంకె దిగజారకూడదో కూడా చెప్పి, ఆ అంకెను గోడ మీద రాయండి.

మొదటి వారాల్లో పరిస్థితి కొంచెం చెడవచ్చు. ఏళ్లుగా అనుమానం మధ్య పని చేసినవాళ్లు ఇది నిజమా, వలా అని తట్టి చూస్తారు. ఒకరిద్దరు దుర్వినియోగం చేస్తారు. సరిగ్గా అక్కడే చాలామంది మేనేజర్లు 'నేను ముందే చెప్పాను' అని పాత రూలు తిరిగి తెస్తారు. ఆ పని చేయకండి. తప్పు చేసినవాడిని విడిగా పిలిచి, పేరు పెట్టి, జరిగినది చెప్పి మాట్లాడండి. అవసరమైతే అతని ఒక్కడి మీదే చర్య తీసుకోండి. మిగతా ముప్పై తొమ్మిది మందికి ఇచ్చిన మాట అలాగే ఉండనివ్వండి.

మా ప్యాకింగ్ విభాగంలో టోకెన్ల పెట్టె గోడకు ఖాళీగా చాలాకాలం వేలాడింది. మేము తీసేయలేదు. టోకెన్లు పోయిన మూడు నెలలకు కాబోలు, ఆ ఆపరేటరమ్మే అందులో మిషను సూదులు పెట్టుకోవచ్చా అని అడిగింది.